నలుపు పక్కన నలుపు

మా షెడ్డులో రంగు వెయ్యరు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, నల్ల మూటల్లో కాస్త నీలం కలిసినందుకు అంత గొడవ ఎందుకయిందో ఎవరికీ అర్థం కాదు.

ఇక ఎవరికిచ్చినా తొడుక్కోరు అనుకున్న బట్టలు మా దగ్గరికి వస్తాయి. మోచేతులు చిరిగిన స్వెటర్లు, మోకాళ్ళు పోయిన ప్యాంట్లు, మూడు పురుళ్ళు చూసిన గౌన్లు, జత తప్పిపోయిన మేజోళ్ళు. ముందు వాటి గుండీలు, జిప్పులు, హుక్కులు కోసి తీసేస్తాం. చిన్న ఇనుప ముక్క లోపలికి వెళ్ళినా పీకే మిషను పళ్ళు విరిగిపోతాయి. తర్వాత రంగుల వారీగా విడదీస్తాం. మిషను వాటిని పీకి పీకి మళ్ళీ దూది చేస్తుంది. ఆ దూదితో దారం వడుకుతారు. ఎర్ర బట్టల నుంచి ఎర్ర దారం, పచ్చ బట్టల నుంచి పచ్చ దారం. పాత బట్టకున్న రంగే కొత్త దారం రంగు. అందుకని మా దగ్గర రంగు కలిపే తొట్టి లేదు, కలిపే మనిషీ లేడు. ఉన్నవల్లా ఆడవాళ్ళ కళ్ళు.

బల్లలన్నిటిలోకీ నల్ల బల్ల కష్టమైనది. ఎరుపుని చూసి పసుపు అనుకునేవాళ్ళు ఉండరు. నలుపు అలా కాదు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, అన్నీ వచ్చి నలుపులో తలదాచుకుంటాయి. ఆ బల్ల ఇరవై రెండేళ్ళుగా మా అక్కది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. నేను పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడో నెలలో, "ఇంట్లో కూచుని గోడకున్న పగుళ్ళు లెక్కపెడతావా, నాతో వస్తావా" అని అడిగి షెడ్డుకి తీసుకెళ్ళింది.

మొదటి రోజు ఒక గౌను ఎత్తి, "ఇది నలుపేగా అక్కా" అన్నాను.

"దేని పక్కన?"

నాకు అర్థం కాలేదు.

"తెలుపు పక్కన పెడితే అన్నీ నలుపే. నలుపు పక్కన పెట్టు, దొంగలు వాళ్ళంతట వాళ్ళే బయటపడతారు" అని, తన ముందున్న నల్ల కోటు మీద ఆ గౌను పరిచింది. చూస్తూ ఉండగానే అది ఆకుపచ్చగా మారిపోయింది.

నలుపులకి అక్క పేర్లు పెట్టుకుంది. బొగ్గు నలుపు, గొడుగు నలుపు, అట్లకాడ నలుపు. ఉతికి ఉతికి గోధుమరంగుకి తిరిగినదాన్ని "రిటైరైన నలుపు" అనేది. చెయ్యి ఆగకుండా, మాట ఆగకుండా, గంటకి ఒక గుట్ట తేల్చేది. పక్క బల్లల వాళ్ళకి అనుమానం వస్తే గుడ్డ ముక్క పట్టుకుని అక్క దగ్గరికే వచ్చేవాళ్ళు. అక్క ఒక్క చూపు చూసి, "తీసుకుపో, మీ వాడే" అనో, "వదిలెయ్, మా వాడు" అనో అనేది.

పక్క బల్ల మీద నేను పన్నెండేళ్ళు పని చేశాక, అక్క తప్పుల్లో నా కంటికి మొదట చిక్కింది ఒక స్కూలు స్కర్టు. అక్క నల్ల మూటలోకి విసిరింది. కిటికీ వెలుతురు దాని మడతల మీద పడుతోంది, నీలమని తెలిసిపోతూనే ఉంది. చెయ్యి జారిందనుకుని తీసి నీలం బుట్టలో వేశాను. అక్క చూడలేదు. మర్నాడు ఒక కోటు. ఆ వారంలో ఆరు.

ఇంట్లోనూ అంతే. మాది ఒకే వంటిల్లు, చెరో వైపు ఒక గది. వంటింటి బల్బు మార్చమని బావగారిని పోరి పోరి మార్పించింది. మార్చాక, "దీనికన్నా ఆ ముసలిదే నయం" అంది. సూదిలో దారం ఎక్కించడానికి మా పాపని పిలవడం మొదలుపెట్టింది.

"నువ్వెక్కించుకోలేవా పెద్దమ్మా?" అని అది అడిగితే, "ఈ మధ్య సూదులు చేసేవాళ్ళు పిసినారులైపోయారే. బెజ్జాలు చిన్నవి పెడుతున్నారు" అని చెప్పింది.

"ఒకసారి కళ్ళు చూపించుకో అక్కా" అన్నాను ఒక సాయంత్రం, ఏదో మాటవరసకి అన్నట్టు.

"నా కళ్ళకేం? నీ మొహంలో అబద్ధం వీధి చివరి నుంచి కనిపెడతాను."

చెప్పాల్సింది అప్పుడే. నోరు రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట తెల్ల బల్ల మీద ఒకావిడ పని చేసేది. చూపు మసకబారి, మీగడ రంగుని తెలుపులో కలిపేసిందని ఆవిణ్ణి గుండీల బల్లకి మార్చారు. గుండీల బల్ల కిటికీకి దూరంగా, గోడవారగా ఉంటుంది. అనుమానం వచ్చి ఆ బల్ల దగ్గరికి ఎవరూ వెళ్ళరు. రెండు నెలలకి ఆవిడే మానేసింది. అప్పుడు అక్క నాతో, "నన్ను అక్కడ కూచోబెట్టిన రోజు నేను ఇంటికొచ్చేస్తాను. కత్తెర పట్టే చెయ్యి ఎవరికైనా ఉంటుంది" అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

అందుకని ఒక ఉపాయం చేశాను. నిండిన మూటలు మిషను గదిలోకి చేర్చడం అప్పటిదాకా ఎవరి మూట వాళ్ళదే. "నీ నడుం నొప్పి కదా, నీది కూడా నేనే మోస్తాను" అన్నాను. దారిలో, నీళ్ళ పీపా వెనక, మూట విప్పి దొంగల్ని ఏరేసేదాన్ని. మొదట్లో మూటకి రెండో మూడో. తర్వాత పది. తర్వాత చెయ్యి పెడితే చాలు, నీలమే వచ్చేది.

"ఏమిటే, ఈ మధ్య నా మీద ప్రేమ పొంగి పొర్లిపోతోంది? ఏం కావాలి నీకు?" అని ఏడిపించేది అక్క.

"నీ గాజులు రాసిచ్చెయ్యి" అనేదాన్ని.

అబద్ధం ఎందుకు, లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. పన్నెండేళ్ళుగా అక్క నాకు అన్నీ చెప్పే మనిషి. ఇప్పుడు నేను లేకపోతే అక్క లేదు. ఆ మాట నాలో నేనే చప్పరించుకున్న రోజులున్నాయి.

మూడు నెలలు ఇలా గడిచాయి. తర్వాత మా పాపకి జ్వరం వచ్చింది. రెండు రోజులు ఒళ్ళు కాలిపోతూ నా ఒడిలోంచి దిగలేదు. దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూడా నాకు నల్ల మూటలే కళ్ళ ముందు మెదిలాయి. కానీ పిల్లని వదిలి ఎలా వెళ్ళను? "నీ మూటలు రేపటికి ఉంచు, నేనొచ్చి మోస్తాను" అని అక్కకి చెప్పి చూశాను. "నా నడుం నీ కూతురికన్నా బాగానే ఉంది. దాన్ని చూసుకో" అని వెళ్ళిపోయింది.

మూడో రోజు నేను వెళ్ళేసరికి అందరూ మిషను గది గుమ్మం ముందు గుమిగూడి ఉన్నారు. మధ్యలో దూది మామ. మిషను నడిపేది ఆయనే. ఏ రంగు పోస్తే ఆ రంగు దూది ఆయన తల మీదా మీసం మీదా పేరుకుంటుంది. ఎరుపు రోజు ఎర్ర మీసం, పసుపు రోజు పసుపు మీసం. నల్ల రోజైతే ఆయనకి ఇరవై ఏళ్ళు తగ్గేవి. అందుకే నల్ల రోజంటే ఆయనకి ఇష్టం.

ఆ రోజు ఆయన మీసం నీలంగా ఉంది.

"పోసింది నల్లది. అద్దంలో చూసుకుంటే నెమలిలా ఉన్నాను" అన్నాడు దూది మామ. అందరూ నవ్వారు. మెడలో ఈల వేసుకుని తిరిగే సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. మేమంతా ఆవిణ్ణి ఈల మేడమ్ అంటాం. ఆవిడ చేతిలో ఇంత దూది ముద్ద ఉంది. నీడలో నల్లగానే ఉంది. గుమ్మం దాటి ఎండలో పెడితే, చేతి మీది నరాల్లా లోపలంతా నీలం పారుతోంది.

"రెండు రోజుల సరుకు. నల్ల కోటు గుడ్డకని అడిగారు, దీనితో ఏం గుడ్డ వస్తుంది? ఎవరివి ఈ మూటలు?"

నల్ల మూటలు ఇంకెవరివి అవుతాయి? అందరూ అక్క వైపు చూశారు. అక్క నింపాదిగా వచ్చి ఆ ముద్ద అందుకుంది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టింది, ఎండ వైపు తిప్పింది.

"నల్లగానే ఉంది కదా మేడమ్" అంది.

నేను అందరినీ తోసుకుని ముందుకి వచ్చాను.

"నా తప్పు మేడమ్" అన్నాను. "నేనే చూసుకోకుండా కలిపేశాను."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది" అన్నాడు దూది మామ. "నువ్వసలు ఈ రెండు రోజులూ రానే లేదు కదమ్మా."

మళ్ళీ నవ్వారు. అక్క నవ్వలేదు. దూది ముద్ద మేడమ్ చేతిలో పెట్టేసి నా మొహంలోకి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది నన్ను.

నేను తల దించుకున్నాను. అదే జవాబయింది.

ఆ రోజు అక్క మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా ఒక్కతే విప్పుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ నా పక్కన నడిచే మనిషి నాలుగడుగులు ముందు నడిచింది. రోడ్డు దాటేటప్పుడు కాస్త తడబడితే చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది.

ఇంట్లో కూర తరుగుతూ కూచుంది. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. పాప జ్వరం తగ్గి గదిలో నిద్రపోతోంది.

"మూటలు ఎక్కడ విప్పేదానివి?"

"నీళ్ళ పీపా వెనక."

"రోజూనా?"

"రోజూ."

"నడుం నొప్పి కదా అక్కా, నేను మోస్తాను అక్కా" అని నా గొంతు నాకే అప్పజెప్పింది. "నేను ఎంత మురిసిపోయానో తెలుసా? చెల్లెలు లేదనుకుంటే దేవుడు తోడికోడలి రూపంలో ఇచ్చాడని మీ బావగారితో చెప్పాను."

"నిన్ను గుండీల బల్లకి మార్చేస్తారని భయపడ్డానక్కా."

"మార్చేస్తే మార్చేసేవారు. నల్ల బల్ల మీద నన్ను బొమ్మని చేసి కూచోబెట్టావు. అందరూ గుడ్డలు పట్టుకొచ్చి నన్ను అడుగుతూంటే తీర్పులు చెప్పాను. ఎన్ని తప్పులు చెప్పానో." కత్తి పక్కన పెట్టింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నాతో చెప్పలేకపోయావా?"

"చెబితే తిడతావని."

"తిట్టేదాన్ని. ఖాయంగా తిట్టేదాన్ని. ఆ నాలుగు తిట్లు పడలేకపోయావా నా కోసం?"

కళ్ళ నీళ్ళు వచ్చాయి. పొయ్యి వైపు తిరిగాను.

తనే మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి. "నాకు తెలియదనుకున్నావా? కొంత తెలుసు. ఒక గుడ్డ ఎత్తుతాను, అది ఏ రంగో చెప్పాలి కదా, చెప్పదు. పోనీలే, నలుపే అయ్యుంటుందని వేసేస్తాను. ఎవరూ ఏమీ అనడం లేదు కదా, నేను అన్నది సరైనదే అయ్యుంటుంది అనుకున్నాను." తరిగిన ముక్కలు పక్కకి తోసింది. "ఎవరూ ఏమీ అనకపోవడానికి కారణం నువ్వన్నమాట."

దగ్గరికి వెళ్ళి కూచున్నాను. సగం తరిగిన కూర నా ముందుకి జరిపింది. "మిగిలినవి నువ్వు తరుగు. ఇందులో పుచ్చులున్నాయో లేవో నాకు కనబడి చావడం లేదు" అంది.

మర్నాడు అక్క నాకన్నా ముందు వెళ్ళి ఈల మేడమ్ ముందు నిలబడింది. నేను లోపలికి వచ్చేసరికి మాట సగంలో ఉంది.

"...నీలం కనబడడం లేదు. మూడు నెలలయింది. దీన్ని కూచోబెట్టండి నల్ల బల్ల మీద, నేర్పింది నేనే. నేను గుండీలు కోస్తాను."

ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల మీదున్న మనిషి అలా అనేసరికి మేడమ్ మెడలో ఈల తిప్పుకుంటూ నిలబడింది. "కళ్ళు చూపించుకోండి" అంది చివరికి. "కానీ ముందే చెబుతున్నాను, బల్ల ఖాళీగా ఉంచలేను. ఈమె నిలబెట్టుకుంటే ఇక అది ఈమెదే."

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి గిల్లింది, గట్టిగా. గోడవారకి నడిచి వెళ్ళి కత్తెర అందుకుంది.

ఆ తర్వాతి రోజులు నాకు నరకం. బాగా చేస్తే అక్క బల్ల పోతుంది. పాడు చేస్తే సరుకు పోతుంది, నేర్పిన అక్క పేరు పోతుంది. ఒక్కో గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నల్ల కోటు మీద పరిచి, తల అటూ ఇటూ తిప్పి చూసేదాన్ని. అక్క గంటలో చేసేది నాకు పూట పట్టేది. గోడవైపు నుంచి మాత్రం నవ్వులు వినిపించేవి. ఆ బల్ల దగ్గర అంతమంది నవ్వడం నేనెప్పుడూ వినలేదు. అక్క కత్తెర ఆడిస్తూ, తెగిన గుండీని బట్టి ఆ చొక్కా మనిషి లావో సన్నమో, తిండి దగ్గర బెల్టు వదులు చేసే రకమో చెబుతోందట.

మధ్యాహ్నాలు నేను చేతిలో గుడ్డ పట్టుకుని వెళ్ళేదాన్ని. రంగు చెప్పలేకపోయినా వేళ్ళతో నలిపి, "ఇది ఉన్ని, ఉన్ని పాతబడితే ఆకుపచ్చకి తిరుగుతుంది, ఎండలో చూడు" అని చెప్పేది. చూస్తే అలాగే ఉండేది.

కంటి డాక్టరు చిన్న దీపంతో చాలాసేపు చూశాడు. రెండు కళ్ళలోనూ పొరలు, ఎడమది బాగా ముదిరిందన్నాడు. "ఇన్నాళ్ళు ఏం చేశారు? ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని నా వైపు చూశాడు.

నేను ఒళ్ళో ఉన్న సంచీ పిడి సర్దుకోసాగాను.

"ఇది రోజూ పోరింది డాక్టరుగారూ" అంది అక్క. "నేనే రానని మొండికేశాను. ముసలితనం వచ్చిందంటే ఎవరికి ఇష్టం?"

మొన్న నేనాడిన అబద్ధం నిమిషం నిలవలేదు. అక్కది నిలబడింది. డాక్టరు తల ఊపి చీటీ రాసిచ్చాడు. బయటికి వచ్చాక అక్క చెయ్యి పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు.

ముందు ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి అన్నిటినీ కొత్త చుట్టంలా చూసింది. బావగారి చొక్కా పట్టుకుని, "ఇది తెల్లదా? నేను గోధుమరంగు అనుకుంటున్నాను. ఎవరు ఉతికారు ఇంత శుభ్రంగా?" అంది. ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూసి, పిల్లలా ఆడుకుంది. "ఈ కంటికి అంతా టీ వడకట్టిన గుడ్డలోంచి చూసినట్టుంది. ఈ కంటికి కడిగినట్టుంది." పాప వెళ్ళి ఎదురుగా నిలబడి, తను ఏ కంటికి బాగుందో చెప్పమంది. రెండు కళ్ళకీ అల్లరిగానే ఉన్నావని చెప్పింది. తర్వాత నన్ను వెలుతురులోకి లాగి, నా కళ్ళ కింద వేలు పెట్టి, "నీకు ఇన్ని నల్లని చారలు ఎప్పుడొచ్చాయే? నిద్రపోవడం లేదా?" అని అడిగింది.

నెల తర్వాత పనిలోకి వచ్చింది. నల్ల కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, కట్టడానికి సిద్ధంగా ఉన్న మూట విప్పింది. ఈల మేడమ్ కూడా వచ్చి నిలబడింది. అక్క కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఒక్కొక్కటే ఎత్తింది.

"ఇది మాదే. ఇది మాదే. ఇది..." ఒక లాగు పక్కకి పెట్టింది. "వంకాయ." ఒక మేజోడు. "ఆకుపచ్చ." ఒక చిన్నపిల్లల కోటు. "ఇదేమిటే, కాఫీ. ఇది కూడా నలుపేనని నీకు నేను నేర్పానా?"

అయిదు తీసింది. నల్ల కోటు మీద పరిచి చూస్తే అయిదూ దొంగలే. నా మొహం చెల్లలేదు.

"నెల రోజులుగా నా మీసం చూసి మా ఆవిడ రకరకాలుగా అంటూనే ఉంది" అన్నాడు దూది మామ, గుమ్మంలోంచి.

"ఒక్క కంటితో రోజంతా చెయ్యగలరా?" అని అడిగింది మేడమ్.

"గుడ్డికన్నా మెల్ల మేలు కదండీ" అంది అక్క. "రెండోది ఇంకో మూడు నెలలకి చేస్తామన్నారు. సాయంత్రాలు ఈ కన్ను లాగేస్తుంది, అప్పుడు కష్టం. ఇప్పుడు దాచడానికేం లేదు, ఉన్న మాట చెబుతున్నాను."

మేడమ్ ఆ అయిదు గుడ్డల వైపూ, నా వైపూ చూసింది. "పొద్దుట మీరు, సాయంత్రం ఈమె. మూట మీద ఇద్దరి గుర్తూ ఉండాలి. నాకు మాత్రం నల్ల దారం కావాలి" అని ఈల నోట్లో పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నేను నా కత్తెర, మంచినీళ్ళ సీసా తీసుకుని లేచాను.

"ఎక్కడికి?"

"గుండీల బల్లకి. పొద్దుట నీదన్నారుగా."

"ఆవిడ మూట సంగతి చెప్పింది, బెంచీ సంగతి కాదు. నువ్వు వేసే గుడ్డలు నా ఎదురుగా వెయ్యి. తప్పు వేస్తే తిడతాను. నేను తప్పు వేస్తే నువ్వు చెప్పు, గట్టిగా, అందరూ వినేలా." ఒక కంటి మీద చెయ్యి తీయకుండానే నన్ను చూసింది. "మొత్తం లేవమని ఎవరన్నారు? కొంచెం జరుగు."

జరిగాను.